పంపు చక్రం కింద నిమ్మకాయలు

ఉమామహేశ్వర్‌కు భయం లేని విషయం లోకంలో ఒక్కటే: అత్తగారి వంటలో ఉప్పు ఎక్కువైందని చెప్పడం. మిగతా అన్నిటికీ భయమే. గ్యాస్ కట్టేశాడో లేదో చూడటానికి వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చే మనిషి. అలాంటివాడు నాచారంలో పంపులు తయారుచేసే చిన్న కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా ఎలా నెగ్గుకొస్తున్నాడా అని భార్య భాగ్యశ్రీకి కూడా అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. నిజానికి ఆ భయమే అతనికి అన్నం పెడుతోంది. ప్రతి బోల్టూ ఊడిపోతుందనుకుంటూ గీస్తాడు కనుక అతను గీసింది ఊడదు.

ఆ శుక్రవారం పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఉప్పల్ మురుగునీటి పంపుహౌసులో కొత్త పంపు స్విచ్ నొక్కించాలి. పెద్దవాళ్లు చప్పట్లు కొడుతుంటే వెనక నిలబడాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినాలి. ఆ పంపుహౌసు అతని కాలనీ చివరే ఉంది. పాత పంపుకు ఓ చీర ముక్క అడ్డం పడితే చాలు, ఆగిపోయేది. మురుగు వెనక్కి తన్ని, కాలనీలో అన్నిటికంటే పల్లపు వీధిలో మ్యాన్‌హోల్ మూత లేచేది. ఆ వీధిలో చివరి ఇల్లు ఉమామహేశ్వర్‌దే.

బజారులో తయారుగా దొరికే పంపు ఏదీ ఆ పాతకాలపు గుంతలో పట్టలేదు. ముక్కు మూసుకుని అతనే దిగి కొలతలు తీశాడు. ఆ గుంతకు సరిపోయేలా, బట్టలు పడినా చిక్కుకోకుండా బయటికి నెట్టేసే చక్రంతో ప్రత్యేకంగా ఒక పంపు గీశాడు. ఇది నడిస్తే నగరంలో మరో పది పంపుహౌసుల పని కంపెనీకి వస్తుంది. నడవకపోతే అతని ఉద్యోగం పోతుంది. ఈ రెండో మాటను ఎండీ జనార్ధనరావు నవ్వుతూనే చెప్పారు గానీ, ఉమామహేశ్వర్‌కు ఆ నవ్వంటేనే ఎక్కువ భయం.

"ఉప్మాల ఉప్పెక్కువైంది అత్తమ్మా," అన్నాడు ప్లేటు ముందు కూర్చుని.

"మంచి పని మీద పోతున్నవు, నోరు మంచిగ పెట్టుకో బిడ్డా," అంది అత్తగారు ఛాయాదేవి. మౌలాలి రైల్వే క్వార్టర్లలో సంసారం చేసిన మనిషి. అర్ధరాత్రి ఇంజను కూతకే ఉలిక్కిపడలేదు, అల్లుడి మాటకు పడుతుందా.

భాగ్యశ్రీ మంచినీళ్లు తెచ్చి పెడుతూ అంది. "ఏవండి, మొన్న ఫ్యాక్టరీ పూజల మీ చేతితోటి చక్రానికి ఎర్ర జాకెట్టు ముక్క కట్టిన్రు గద. అది తెచ్చి దేవుని దగ్గర పెట్టాలె. యాడ పెట్టిన్రు?"

నోటి దాకా వెళ్లిన చెంచా అక్కడే ఆగింది. కట్టినట్టు బాగా గుర్తుంది. ముడి గట్టిగా బిగించినట్టు కూడా గుర్తుంది. విప్పినట్టు మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. నిన్ననే ఆ పంపును గుంతలో దించి బిగించేశారు.

అతను వాకిట్లోకి వెళ్లి ఫిట్టర్ దయాకర్‌కు ఫోన్ చేశాడు. పంపుల పనిలో దయాకర్‌కు వంక పెట్టలేం. భక్తిలో అసలే పెట్టలేం.

"దయాకర్, ఆ ఎర్ర బట్ట విప్పినవా?"

"నేనెట్ల విప్పుత సార్? దేవుని బట్ట. ఏ చేయి కట్టిందో గా చేయే విప్పాలె. మీరొస్తరని జరసేపు సూసిన. మీరు రాలే. గట్లనే మూత బిగించిన."

ఉమామహేశ్వర్ ఫోన్ ఇంకో చెవికి మార్చాడు. "బట్ట ఒక్కటే గద?"

"నిమ్మకాయలు గూడ ఉన్నయి సార్. నాలుగు."

"నిమ్మకాయలెందుకయ్యా?"

"కొత్త బండైతే చక్రాల కింద పెడ్తం గద. పంపుకు చక్రం లోపట్నే ఉంటది. అందుకే లోపట పెట్టిన."

ఈ మాటలో తప్పు ఎక్కడుందో ఉమామహేశ్వర్‌కు వెంటనే దొరకలేదు. "కొబ్బరికాయ?" అన్నాడు నీరసంగా.

"అది కొట్టి అందరం తిన్నం సార్. మీరు గూడ తిన్నరు."

"గుమ్మడికాయ?"

అవతల దయాకర్ నిట్టూర్చాడు. "అది పట్టలే సార్."

పంపుహౌసుకు చేరేసరికి ఉమామహేశ్వర్ తెల్ల చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆ పంపు ఎలాంటి బట్టనైనా నెట్టేస్తుందని గీసింది తనే, లెక్కలు కట్టింది తనే. కానీ కాగితం మీద బట్ట దానంతటదే కొట్టుకొస్తుంది, దాన్నెవరూ చక్రానికి ముడేసి కట్టరు. పంపు విప్పి తీద్దామా అంటే అరపూట పని. పాత పంపును నిన్ననే పీకేశారు. రాత్రంతా ట్యాంకర్లు తోడినా, కింద సంపులో మురుగు గోడ మీద ప్రమాదానికి గుర్తుగా గీసిన ఎర్రగీత వైపు ఎక్కుతూనే ఉంది. పంపు విప్పేలోగా అది అతని గుమ్మం ముందుంటుంది. నిజం చెబితే దయాకర్ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే తనది పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, ఆ నుయ్యి అలా నిండుతూ ఉంటుందని పెద్దలు చెప్పలేదు.

జలవిభాగం పెద్ద ఇంజనీరు స్వర్ణలత మేడం అప్పటికే వచ్చి ఉంది. ఆవిడ చాలా మెల్లగా మాట్లాడుతుంది, అందుకే అందరూ చెవులు రిక్కించి మరీ భయపడతారు. "ఈ వారంల ఒక్కసారి ఆగినా, మీ పంపు మీరే ఎత్తుకపోవాలె," అంటోంది జనార్ధనరావుతో.

"మీరేం దిగులు పెట్టుకోకండి మేడం. ఏం పడినా మింగేస్తుంది," అంటున్నారు జనార్ధనరావు.

వాకిట్లోకి మురుగొస్తే కడుక్కోవచ్చు, ఉద్యోగం పోతే మళ్లీ రాదు అనుకుని ఉమామహేశ్వర్ ఆయన్ని పక్కకు పిలిచాడు. "సార్, ఇయ్యాళ వద్దు సార్."

"ఎందుకొద్దు? మన పంతులుగారు పెట్టిన ముహూర్తమయ్యా."

"ముహూర్తం మంచిదే సార్. నాకే... బాగలేదు."

జనార్ధనరావు కాస్త వెనక్కి జరిగారు. ఆయనకు మెషీన్ల కంటే ఆచారాల మీద పట్టు ఎక్కువ. "మైలా?" అన్నారు గొంతు తగ్గించి.

ఉమామహేశ్వర్ తల దించుకుని సంపు వైపు చూశాడు.

"ఎవరయ్యా? మొన్న పూజకొచ్చారే, ఆ పెద్దావిడా? మీ అత్తగారా?"

ఉమామహేశ్వర్ అవునని తల ఊపలేదు. వణికాడంతే. కానీ వణికే తల చూసేవాడికి ఏ సమాధానం కావాలంటే ఆ సమాధానమే చెబుతుంది.

"అయ్యయ్యో. మొన్న నా చేతిలో ప్రసాదం పెట్టిందయ్యా మహాతల్లి. నువ్వసలు ఇక్కడికెందుకొచ్చావు? అల్లుడికి మూడు రోజులేగా, సెలవు తీసుకో."

ఉమామహేశ్వర్ ప్రాణం లేచొచ్చింది. "మరి పంపు సంగతి సార్? మూడు రోజులాగి..."

"పంపుకు మైలేంటయ్యా? నువ్వు ముట్టుకోకు, అంతే. స్విచ్ మేడం నొక్కుతారు," అని, డ్రైవర్ కళ్యాణ్‌ను పిలిచి, పెద్ద పూలదండ కొని ఉమామహేశ్వర్ ఇంట్లో ఇచ్చి రమ్మని పంపేశారు. ఆ కారు గేటు దాటుతుంటే ఉమామహేశ్వర్ చెయ్యెత్తాడు. టాటా చెబుతున్నాడనుకుని కళ్యాణ్ కూడా చెయ్యూపాడు.

విషయం విని స్వర్ణలత మేడం అందరినీ ఒక నిమిషం మౌనం పాటించమంది. ఆ నిశ్శబ్దంలో కింద సంపులో మురుగు గుడగుడమనడం అందరికీ వినిపించింది. బతికున్న మనిషికి మౌనం పాటిస్తూ ఉమామహేశ్వర్ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాపం, ఎంత ప్రేమో అనుకున్నారు చూసినవాళ్లు.

అవతల కళ్యాణ్ దండ పట్టుకుని తలుపు కొడితే ఛాయాదేవే తీసింది.

"అమ్మా, కంపెనీ నుంచి వచ్చిన. దండ ఎవరికియ్యాలె?"

"దండెందుకు నాయనా?"

"సార్ వాళ్లింట్ల పోయిన్రంట గద."

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ బతికే ఉన్నారు. మిగిలింది పంపు దగ్గరికి వెళ్లినవాడు. భాగ్యశ్రీ చెప్పులైనా వేసుకోకుండా కారెక్కింది. ఛాయాదేవి దండతో సహా ఎక్కింది.

మౌనం ముగిసి, మేడం స్విచ్ వైపు నడుస్తుండగా కారు వచ్చి ఆగింది. భాగ్యశ్రీ పరుగెత్తుకొచ్చి, నిలబడి ఉన్న మొగుణ్ణి చూసి, నడుం మీద ఒకటి చరిచి, అతని భుజం పట్టుకుని ఏడ్చేసింది. "మంచిగనే ఉన్నరు గద, నా పాణం పోయినంత పనైంది," అంది. అతనికీ ఏడుపొచ్చింది. తనకు ఏదైనా అయితే ఈమె ఇలా ఉంటుందని అతను ఎప్పుడూ ఊహించలేదు, అన్నిటికీ భయపడేవాడు దీనికి మాత్రం భయపడటం మరిచిపోయాడు.

ఆ వెనకే, రెండు చేతుల్లో దండ పట్టుకుని ఛాయాదేవి జనార్ధనరావు వైపు నడిచొచ్చింది. ఆయన గోడకు అతుక్కుపోయారు. "అమ్మా, మీరు..." అన్నారు గానీ, మిగతా మాట ఆవిడతో అనేది కాదు.

"ఎవరు పోయిన్రు?" అని అడిగింది ఛాయాదేవి. అందరూ ఉమామహేశ్వర్‌ను చూశారు.

"ఏం నడుస్తుంది ఇక్కడ?" అంది స్వర్ణలత మేడం, ఎప్పటికంటే మెల్లగా.

అతను నోరు తెరిచేలోగా సంపు దగ్గరి నుంచి దయాకర్ కేకేశాడు. "మేడం, ఎర్రగీత దాటింది. ఇంక ఆగితే పల్లపు వీధిలకు ఎక్కుతది."

"ఆ వీధిల ఉండేది మేమే," అంది ఛాయాదేవి. "వాన పడ్డా పడకున్నా మా వాకిట్లనే తేల్తది తల్లీ. ముక్కు మూసుకోని ముగ్గేస్త."

మేడం స్విచ్ ముందు నుంచి పక్కకు జరిగింది. "అయితే మీరే నొక్కుండ్రి అమ్మా. ముచ్చట తర్వాత మాట్లాడుదాం."

ఛాయాదేవి దండను అల్లుడి చేతిలో పెట్టి స్విచ్ వైపు వేలు చాపింది. ఉమామహేశ్వర్ ఒక్క అడుగు ముందుకేశాడు. మొదటిసారి, భయం ఎక్కువైపోయి, నిజం దానంతటదే బయటికొచ్చింది.

"ఆగండి మేడం. లోపట బట్టుంది. చక్రానికి ముడేసి ఉంది. నాలుగు నిమ్మకాయలు గూడ ఉన్నయి. దయాకర్ తప్పేం లేదు, కట్టింది నేనే."

అప్పటికే వేలు స్విచ్ నొక్కేసింది.

పంపు గుర్రుమంది. ఒక్కసారి అదిరింది. నేల అరికాళ్లలో వణికింది. లోపల ఏదో దబ్బున కొట్టుకున్న చప్పుడైంది. ఉమామహేశ్వర్ కళ్లు మూసుకుని, ఇల్లు ఖాళీ చేసి ఊరి చివర ఏ చెంగిచెర్లలోనో గది వెతుక్కోవడం దాకా వెళ్లిపోయాడు. తర్వాత ఆ చప్పుడు ఆగి, మెత్తటి హోరు మొదలైంది. సంపులో మురుగు ఎర్రగీత కిందికి దిగింది.

అందరూ అవతల నీళ్లు పడే తొట్టి దగ్గరికి నడిచారు. మొదట ఒక నిమ్మకాయ వచ్చింది. వెనకే రెండు. కొంచెం ఆగి నాలుగోది. చివరికి ఎర్ర జాకెట్టు ముక్క, ముడి జారిపోయి, నిండుగా విచ్చుకుని వచ్చి జాలీ మీద ఆగింది.

స్వర్ణలత మేడం వంగి ఆ బట్టను పరీక్షగా చూసింది. ఉమామహేశ్వర్ దండ గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు.

"నా సర్వీసుల ఇట్లాంటి టెస్టు చూడలే," అంది మేడం. "తన పంపుకు తనే బట్ట ముడేసి, నిమ్మకాయలు పెట్టి, స్విచ్ నొక్కేటప్పుడు అందరి ముందట చెప్పిండు. తప్పైతే నాది అని గూడ చెప్పిండు. ఇంత ధైర్యమున్న ఇంజనీరును నేను చూడలే. మిగిలిన పది చోట్ల గూడ ఇట్లనే చేసి చూపెట్టుండ్రి."

"గుమ్మడికాయ గూడ పట్టేటట్టు గీస్తడు మేడం మా సార్," అన్నాడు దయాకర్.

భాగ్యశ్రీ జాలీ మీది బట్టను చూసి, "ఇంక అది ఇంటికి తేకున్రి," అంది.

జనార్ధనరావుకు ఆనందమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆనందంతో ఉమామహేశ్వర్‌ను కౌగిలించుకోబోయి, మైల గుర్తొచ్చి ఆగి, అది అబద్ధమని గుర్తొచ్చి పళ్లు కొరికి, జరిగిందంతా ఛాయాదేవికి పూసగుచ్చినట్టు చెప్పేశారు. ఇచ్చిన సెలవు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఛాయాదేవి అల్లుడి చేతిలోంచి తన దండ తీసుకుని పంపు గొట్టం మెడలో వేసింది.

ఆ మూడు రోజులూ అతను ఇంట్లోనే కూర్చుని చనిపోయిన మనిషి వండిపెట్టిందే తిన్నాడు, ఉప్పు ఎక్కువైందని ఒక్కపూట కూడా అనలేదు.