ఒక్క బోల్టు కూడా మార్చలేదు

"పుట్టినప్పటి బోల్టుతోనే పోవాలి!"

ఇది పాతకార్ల పరిరక్షణ సంఘం వారి ప్రతిజ్ఞ. ప్రతి సమావేశానికీ ముందు సభ్యులందరూ లేచి నిలబడి, తమ తమ కార్ల బానెట్ మీద చెయ్యి వేసి మరీ ఈ మాట అంటారు. ఆ క్షణంలో కళ్ళు చెమర్చని సభ్యుణ్ణి నేనింతవరకూ చూడలేదు. నా కళ్ళూ చెమరుస్తాయి. కాకపోతే నాది నవ్వు ఆపుకోవడం వల్ల!

ఎందుకంటారా? నేను మెకానిక్కుని. సంఘంలో ఉన్నవి పదమూడు కార్లు. ఆ పదమూడింటికీ పాత ఇంజను ఊడబీకి కొత్త ఇంజను పెట్టినవాణ్ణి నేనే. కింద కుదిపేసే ఇనపపట్టీల కమాన్ కట్టలు తీసేసి మెత్తటి స్ప్రింగులూ, కొత్త షాకబ్జర్లూ బిగించిందీ నేనే. పైన రేకు మాత్రం తాతలనాటిది. లోపల సరుకు నిన్నమొన్నటిది.

ఇందులో తమాషా ఏమిటంటే, సంఘంలో తానొక్కడే దొంగననీ, మిగతా పన్నెండుమందీ సత్యసంధులనీ ప్రతివాడూ నమ్ముతాడు. ప్రతివాడూ ఆదివారం మధ్యాహ్నం, వీధి మొత్తం భోంచేసి కునుకు తీసే వేళ చూసుకుని, కారు మీద దుప్పటి కప్పుకుని నా షెడ్డుకి వస్తాడు. ప్రతివాడూ గొంతు తగ్గించి ఒకే మాట చెబుతాడు.

"నాకేం పర్లేదోయ్, మా ఆవిడకే నడుం నొప్పి. ఆ కుదుపులు తట్టుకోలేకపోతోంది. మూడో కంటికి తెలియకూడదు సుమా!"

ఒక్క సంఘంలో ఇంతమంది ఇల్లాళ్ళకి నడుం నొప్పి ఉండటం వైద్యశాస్త్రం దృష్టికి ఎందుకు రాలేదో నాకు తెలియదు.

అందరికంటే ముందు వచ్చినవారు అధ్యక్షులవారు. ఆయన తూనికలు కొలతల శాఖలో పెద్ద అధికారిగా చేసి రిటైరయ్యారు. దేనికైనా ఒక ప్రమాణం ఉండాలంటారు. అందుకని తన కారునే సంఘానికి ప్రమాణ వాహనంగా ప్రకటించారు. ఏ కారైనా అసలుదా కాదా అని తేల్చాలంటే ఆయన కారుతో పోల్చి చూడాలన్నమాట. నేనప్పటికి ఆయన కారులో కొత్త ఇంజను పెట్టి సరిగ్గా పదకొండు రోజులైంది!

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఆ తర్వాత ప్రభుత్వం వారి ఉత్తర్వు వచ్చింది. నలభై ఏళ్ళు దాటిన కార్లన్నీ నెలాఖరులోగా తుక్కు మిషన్‌కి అప్పజెప్పాలి. సంఘం వారు పరీక్షించి 'అసలు రూపంలో ఉన్నది' అని పత్రం ఇచ్చినవాటికి మాత్రం మినహాయింపు.

మా మామయ్య ఆ కాగితం పట్టుకుని నా షెడ్డుకి పరిగెత్తుకొచ్చాడు. మా అమ్మకి తమ్ముడు. ముప్ఫయ్యేళ్ళు టాక్సీ తోలాడు. ఆ టాక్సీనే ఇప్పటికీ రోజూ ఉదయం తుడిచి, వీధి చివరిదాకా తోలి, తిప్పి తెచ్చుకుంటాడు. నేను స్పానర్ పట్టడం నేర్చుకున్నది దాని కిందే. దాని స్టీరింగు మీద ఆయన బొటనవేళ్ళు ఆనే చోట రెండు గుంటలు పడ్డాయి.

"ఒరే అల్లుడూ, మనకేం భయం లేదులేరా. ఒక్క బోల్టు కూడా మార్చలేదు కదా!" అన్నాడు ఉత్సాహంగా.

నాకు మాత్రం అధ్యక్షులవారి ప్రమాణ వాహనం గుర్తొచ్చింది.

పరీక్షకి సంఘం కార్యదర్శి వచ్చారు. ఆయన పళ్ళ డాక్టరు. "నకిలీని ఇట్టే పట్టేస్తాను. నా వృత్తే అది," అంటూ చేతులు కడుక్కుని, తొడుగులు తొడుక్కుని, బానెట్ మీద నిండా నీళ్ళున్న గాజుగ్లాసు పెట్టారు. ఇంజను ఆడుతుండగా చుక్క తొణక్కూడదని నిబంధన. అధ్యక్షులవారి కారు మీద తొణకదు మరి!

మామయ్య తాళం తిప్పాడు. కారు ఒకసారి దగ్గింది, రెండోసారి తుమ్మింది, మూడోసారి బడబడమంటూ లేచింది. నీళ్ళ సంగతి దేవుడెరుగు, గ్లాసే కిందపడి పగిలింది.

కార్యదర్శి ఉలిక్కిపడ్డారు. "ఏమిటా చప్పుడు?"

"ఇంజనండీ."

"ఇంజను చప్పుడు చేస్తుందా?"

"నలభై ఆరేళ్ళుగా చేస్తోందండీ," అన్నాడు మామయ్య వినయంగా.

కార్యదర్శి 'ఇంజను: అనుమానాస్పదం' అని రాసుకున్నారు. తర్వాత వెనకసీట్లో కూర్చుని వీధిలో స్పీడ్‌బ్రేకర్ మీదుగా పోనిమ్మన్నారు. మామయ్య ఎంత నెమ్మదిగా పోనిచ్చినా కమాన్ కట్టలు వాటి పని అవి చేశాయి. కార్యదర్శి తల పైకప్పుకి ఠంగుమని కొట్టుకుంది.

"మోసం!" అన్నారాయన తల తడుముకుంటూ. "ఆనాటి పెద్దమనుషులు ఎంత హుందాగా ప్రయాణం చేసేవారు! ఇలా ఎగిరెగిరి పడేవారా? ఎవడో చేతకాని మెకానిక్ దీన్ని కెలికి పాడుచేశాడు. ప్రమాణ వాహనంతో పోలిస్తే ఇందులో అసలు లక్షణం ఒక్కటీ లేదు!"

కాగితం మీద ఎర్రసిరాతో రాశారు: 'నకిలీ. ఇరవై రోజుల్లో అసలు రూపానికి తెచ్చినచో మరల పరిశీలించబడును.'

మామయ్య ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా అధ్యక్షులవారింటికి వెళ్ళాను. ముందుగదిలో అద్దాల బీరువాల నిండా పాత ఇత్తడి తూనికరాళ్ళు తళతళ మెరుస్తున్నాయి. వాటి మధ్య కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"సార్, అసలు కారు ఏదో మీకు తెలుసు, నాకు తెలుసు. మా మామయ్యదొక్కటే అసలుది. మీరొక్క మాట చెబితే చాలు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడవోయ్, కిలోరాయి అరిగిపోయిందనుకో. అది నా బీరువాలో ఉన్నంతకాలం అదే కిలో. బజారులో రాళ్ళన్నీ దాన్నిబట్టే సరిచూసుకోవాలి. ఆ రాయి తప్పని నువ్వు బజార్లో నిలబడి అరిచావనుకో, ఏమవుతుంది?"

"ఏమవుతుంది సార్?"

"పన్నెండుమంది సభ్యులు నీ షెడ్డు మెట్లెక్కరు. పదమూడోవాణ్ణి నేను, అసలే ఎక్కను." కళ్ళజోడు పెట్టుకుని, ఎంతో దయగా నవ్వారు. "దానికంటే సులువైన మార్గముంది కదా! నీ చేతుల్లో విద్య ఉంది. మీ మామయ్య కారుని కూడా అసలుదిగా చేసెయ్యి."

బయటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. అరవగలిగి ఉండీ అరవలేదు. నా షెడ్డు, నా ఇల్లు, నా పిల్లల చదువు అన్నీ ఆ పదమూడు ఆదివారాల మీదే నిలబడ్డాయి మరి.

మామయ్యతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు.

"మిషన్లో వేసి నలిపేస్తార్రా దీన్ని?"

"నలిపేస్తారు మామయ్యా."

"అయితే కానియ్. కానీ మీ అత్తయ్యకి చెప్పకు. నలిపేస్తారేమోనని అది ఇప్పటికే బెంగపెట్టుకుంది, రంగు వేయిస్తే పత్రం ఇస్తారట అని చెబుతాను."

పద్దెనిమిది రోజులు పట్టింది. పాత ఇంజనుని గొలుసుతో పైకి లేపి తీశాను. అది కూర్చునే దిమ్మెలు కోసి, కొత్తదానికి సరిపడా మళ్ళీ అతికాను. గేర్‌బాక్స్ మార్చాను. కమాన్ కట్టలు విప్పుతుంటే ఒక్కో పట్టీ మీదా మామయ్య చేత్తో పూసిన గ్రీజు పొరలు పొరలుగా ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని, పాత కార్బురేటర్ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉన్నాడు. పదమూడు కార్లకి చేసిన పనే అది. అప్పుడు ఈల వేస్తూ చేశాను. ఇప్పుడు ఏడుపొచ్చింది. అయినా చేతులు మాత్రం ఆగలేదు.

రెండో పరీక్షలో నీళ్ళు తొణకలేదు. స్పీడ్‌బ్రేకర్ వచ్చిందో లేదో కార్యదర్శికి తెలియనే లేదు. "ఇదీ అసలంటే!" అన్నారాయన పరవశంగా.

పత్రంతో ఆగారా? కారుని ప్రదర్శనకంటూ సంఘంవారే తమ దగ్గర ఉంచుకున్నారు. ఆ వారమే జరిగిన వార్షికోత్సవంలో మామయ్య కారుకి 'అత్యంత అసలైన వాహనం' అని ప్రథమ బహుమతి ఇచ్చారు. అధ్యక్షులవారు మైకు తీసుకెళ్ళి బానెట్ దగ్గర పెట్టారు. ఏమీ వినపడలేదు.

"విన్నారా! మన తాతలు విన్నది ఈ నాదమే!" అన్నారాయన గద్గదస్వరంతో. సభంతా చప్పట్లు కొట్టింది. మామయ్యని రెండు మాటలు చెప్పమన్నారు.

మామయ్య జీవితంలో మీటరు ఒక్క అంకె ఎక్కువ చూపించి ఎరగడు. మైకు ముందు నిలబడి నావైపు చూశాడు. తలదించుకున్నాను.

"ఒక్క బోల్టు కూడా మార్చలేదండీ," అన్నాడు.

ఎంత ధారాళంగా అన్నాడో! పదమూడుమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన వాళ్ళలో ఒకడైపోయాడు. నన్నూ వదల్లేదు. ఇకమీదట పరీక్షలకి వెళ్ళే బృందంలో ముఖ్య నిపుణుడిగా నియమించారు. వద్దని అనలేదు నేను.

పతకం, పత్రం, పుష్పగుచ్ఛం వెనకసీట్లో పెట్టుకుని ఇంటికి బయల్దేరాం. కారు పట్టు మీద జారినట్టు వెళ్ళింది.

మీకొక సంగతి చెప్పడం మరిచాను. మా అత్తయ్యకి గడియారంతో పని లేదు. ఆ కారు వీధి మలుపు తిరిగే చప్పుడు వినగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టి, వచ్చి తలుపు తీసి నిలబడుతుంది. ముప్ఫయ్యేళ్ళ టాక్సీ బతుకులో మామయ్య ఒక్కరోజు కూడా తన ఇంటి తలుపు తట్టి ఎరగడు.

గుమ్మం ముందు కారాపి, అలవాటు ప్రకారం కూర్చున్నాడు. ఒక నిమిషం చూశాడు. తలుపు తెరుచుకోలేదు. రెండో నిమిషం నావైపు చూశాడు. మెల్లగా దిగి వెళ్ళి, కొత్త చుట్టంలా తలుపు తట్టాడు. వెనకాలే నేను వెళ్ళాను.

"ఎవరూ?" అంది అత్తయ్య లోపల్నుంచి.

మామయ్య నోరు తెరిచాడు. ఇందాక అంతమందిలో అంత ధారాళంగా వచ్చిన గొంతు ఇప్పుడు చిన్నగా వచ్చింది.

"నేనే," అన్నాడు.

లోపల అడుగులు తలుపుదాకా వచ్చి ఆగాయి. తర్వాత తలుపుకి అవతలే, చాలా దగ్గరగా, ఆవిడ గొంతు వణికింది.

"నడిచొచ్చారా? అయితే వాళ్ళు కారు తిరిగి ఇవ్వలేదన్నమాట. నలిపేశారా దాన్ని?"

మా వెనకాల ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది.