మూడో పక్షం

సరోజిని పోయిన రోజుకి ఆమె భర్తతో మాటలు మానేసి తొమ్మిది రోజులైంది. ఎందుకు మానేసిందో పాండురంగారావుకు తెలియదు. పదో రోజు అడుగుదామనుకున్నాడు. తొమ్మిదో రోజు సాయంత్రం పెరట్లో ఆరిన బట్టలు తీస్తూ ఆమె ఉన్నచోటే కూలబడింది. ఆటో వచ్చేలోపే అయిపోయింది. ముప్పై ఏళ్ళుగా రేపల్లె పిల్లలకు ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టిన మేస్టారు, ఇంట్లో ఒక్క ప్రశ్న వేయడానికి ఒక రోజు ఆలస్యం చేశాడు.

ఏడాది తిరిగాక, తగాదాలు పరిష్కరించడం నేర్పే ఐదు రోజుల శిక్షణ తెనాలిలో ఉందని విని చేరాడు. నేర్పినావిడ ఫాతిమా మేడమ్, లాయరు. మధ్యవర్తి తీర్పు చెప్పకూడదు. ఎవరి మాటకూ అడ్డం రాకూడదు. వాళ్ళన్నదాన్నే మెత్తని మాటల్లో తిరిగి వాళ్ళకు వినిపించాలి. చివర "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని తప్పకుండా అడగాలి. పాండురంగారావు అన్నీ నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు.

మొదటి తగాదా బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో తగిలింది. వేట నిషేధం ఎత్తేసిన జూన్ నెల. ఆ ఉదయం ఆయన వేసుకున్న లెక్క సులువైనదే. రేపల్లెలో పాసింజరు ఎక్కి, తెనాలిలో బండి మారి, బాపట్లలో దిగి ఆటో పట్టుకోవాలి. పన్నెండింటికల్లా రాజీ, ఒంటిగంటకు భోజనం, సాయంత్రానికి ఇల్లు.

తగాదా అన్నదమ్ములది. పెద్దవాడు మస్తాన్‌రావు, చిన్నవాడు శివనాగరాజు. తండ్రి హనుమయ్య ఫాల్గుణంలో పోతూ వదిలిన పడవ ఒక్కటే. చుక్కాని పట్టమని నాయన తనకే చెప్పాడని ఇద్దరూ అంటారు. ఊళ్ళో పడవలన్నీ వేటకు వెళ్ళాయి. వీళ్ళది మాత్రం ఇసుకలో ఎండుతోంది. ఇంకో వారం ఎండితే చెక్కలు విడిపోతాయి, రెండిళ్ళలోనూ పొయ్యి ఆరిపోతుంది.

వలలు బాగుచేసుకునే తాటాకు పందిరి కింద ఆయనకు ఒక పాత కర్రకుర్చీ వేశారు.

"నాయన నాతోనే అన్నాడు మేస్టారూ. అప్పుడు వీడు పక్కన లేడు."

"లేనప్పుడన్నాడంటే ఎవడు నమ్ముతాడు? నాతో అన్నప్పుడు నువ్వూ లేవుగా!"

"అంటే, మీ ఇద్దరికీ నాన్నగారి మాటంటే గౌరవం అంటారు" అన్నాడు పాండురంగారావు.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈయన ఎవరివైపో ఇద్దరికీ అంతుపట్టలేదు.

మస్తాన్‌రావు భార్య రత్తాలు గుంజకి ఆనుకుని ఉన్నదల్లా ముందుకొచ్చింది. "ఈ గొడవంతా ఎందుకండి? మాట అన్నది మా మావ. ఆయన్నే అడిగితే పోలా? సుబ్బరత్నమ్మ చేత సోదె చెప్పిస్తే వస్తాడు."

సుబ్బరత్నమ్మ చేటలో బియ్యం పోసుకుని తలిస్తే, పోయినవాళ్ళు ఆవిడ గొంతులో పలుకుతారని ఆ పల్లె నమ్మకం. పాండురంగారావుకు అలాంటి నమ్మకాలు లేవు. కాని తగాదాతో సంబంధమున్న ప్రతివారినీ కూర్చోబెట్టాలన్నది నియమం. ఎటూ తేలక ఫాతిమా మేడమ్‌కి ఫోను చేశాడు. చావు మాటను నోటితో అనడం ఆయన ఏడాదిగా మానేశాడు. కొంప ముంచింది అదే.

"మేడమ్, ముఖ్యమైనాయన ఒకరు ఇక్కడ లేరండి."

"దూరంలో ఉన్నారా సార్?"

"దూరమేనండి."

"ఫోన్లో దొరకరా?"

"దొరకరండి. ఆయన తరఫున మాట్లాడే ఆవిడ ఉన్నారు."

"ఆవిణ్ణి రెండు పక్కలవాళ్ళూ ఒప్పుకుంటున్నారా?"

"ఊరంతా ఒప్పుకుంటున్నారండి."

"ఇంకేంటి సార్, కూర్చోబెట్టండి. ఆయనకీ అందరితో సమానంగా టైమివ్వండి."

మిట్టమధ్యాహ్నం సుబ్బరత్నమ్మ చేట ముందు కూర్చుని మూడుసార్లు ఆవులించింది. పొద్దుటినుంచి తాటాకుల్ని కొట్టిన గాలి ఉన్నట్టుండి ఆగింది. ఎండుచేపల మీది కాకులు అరవకుండా, అన్నీ ఒక్కసారే లేచిపోయాయి. ఆవిడ నోట్లోంచి, పొగచుట్ట దగ్గుతో సహా, ముసలి మగగొంతు వచ్చింది.

"ఎవడ్రా నా కుర్చీలో కూచుంది?"

పాండురంగారావు లేచి నిలబడ్డాడు. డీఈఓ తనిఖీకి వచ్చినప్పుడు కూడా ఆయన అంత చురుగ్గా లేవలేదు. కుర్చీ వదిలి చాప మీద కూర్చుని, గొంతు సర్దుకున్నాడు.

"హనుమయ్యగారూ, నింపాదిగా చెప్పండి. ఎవరూ అడ్డం రారు."

"చుక్కాని ఎవడు పడితే నాకేంటయ్యా? నన్ను ఇసకలో పెట్టొచ్చిన మూడోనాడే ఈళ్ళిద్దరూ రొయ్యల వేపుడు తిన్నారు. ఈపులు చీరెయ్యాలి!"

"అంటే, మీరు కొంచెం నొచ్చుకున్నారు."

"కొంచెమేంటి?"

"చాలా నొచ్చుకున్నారు. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

రత్తాలు గుండె మీద చెయ్యి వేసుకుంది. సోదెలో పోయినవాళ్ళు నాలుగు మాటలు చెప్పి, ఒక కోడిని అడిగి వెళ్ళిపోవడం ఆనవాయితీ. ఇంకేమైనా ఉందా అని ఆ పల్లెలో ఇంతవరకు ఎవరూ వాళ్ళను అడిగి ఎరగరు.

హనుమయ్యకు ఉంది. ఇరవై ఏళ్ళ కిందట లంగరు పోగొట్టింది పెద్దవాడైతే దెబ్బలు తిన్నది చిన్నవాడట. చిన్నవాడు పెళ్ళిలో తండ్రి కాళ్ళకు మొక్కకుండా ఫొటోకి నిలబడ్డాడట. ఆఖరి రోజుల్లో రత్తాలు పులుసులో ముక్కలు తక్కువ, నీళ్ళు ఎక్కువట. పాండురంగారావు ప్రతి తిట్టునూ మెత్తగా తిరిగి చెప్పి, ఇంకేమైనా ఉందా అని అడుగుతూనే ఉన్నాడు.

"ఆ దెబ్బలు నీకు పడాల్సినవంట అన్నయ్యా!" అని శివనాగరాజు లేచాడు. "పులుసు మాట మీరు చెప్పించారా?" అని రత్తాలు మొగుడి మీదికి లేచింది. ఒంటిగంటకు ఒక తగాదా ఆరైంది.

"మా అయ్య కూడా వచ్చాడు" అంది మగగొంతు. "ఆయనదీ ఒక మాటుందంట."

ఈలోగా ఈ వింత విని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. "మేస్టారూ, మా అత్తనీ ఒకసారి అడగండి" అంది ఒకామె. వెంటనే నాలుక కరుచుకుని, "వద్దండి, అడక్కండి, ఆమెకి చాలా ఉంటయ్" అని పరుగెత్తింది. వీటన్నిటినీ రాసుకుంటూ పాండురంగారావు తల దించాడు. ఇసుకలో సముద్రం వైపునుంచి పందిట్లోకి వచ్చిన తడి అడుగులు ఉన్నాయి. బయటికి వెళ్ళిన తడి అడుగు ఒక్కటీ లేదు.

గందరగోళం పెరిగితే ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలని నోటుబుక్కులో ఉంది. "ముందు హనుమయ్యగారితో మాట్లాడతాను. మిగతావాళ్ళు బయటికి వెళ్ళండి" అన్నాడు. ఆ మాట రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

తాటాకు దడి అవతల అన్నదమ్ముల గుసగుస ఆయనకు వినబడింది.

"రేయ్, ఈయన ఇంకా అడుగుతాడంటావా?"

"ఆ బుక్కు నిండేదాకా అడుగుతాడు అన్నయ్యా. తాత అయ్యాక ముత్తాత."

"పోయేటప్పుడు చుక్కాని నువ్వు పట్టు, వచ్చేటప్పుడు నేను పడతా."

"సరే, నడు ముందు."

కాసేపటికి ఇసుకలో పడవ ఈడ్చిన చప్పుడు, తర్వాత ఇంజను మోత. పన్నెండింటికి కుదరాల్సిన రాజీ రెండున్నరకు కుదిరింది. మధ్యవర్తి అక్కడ లేకపోవడం కలిసొచ్చింది.

"హనుమయ్యగారూ" అన్నాడు పాండురంగారావు.

"ఆయన పడవెక్కి ఎళ్ళిపోయాడయ్యా." ఇప్పుడది సుబ్బరత్నమ్మ సొంత గొంతే. "అందరూ పోయారు. ఒకావిడ మిగిలింది."

"ఎవరండి?"

"రేపల్లె నుంచి నీ ఎనకే వచ్చింది. పొద్దుటినుంచి నీ పక్కనే కూచుంది. అందరూ పలికారు, ఆవిడ పలకదు. నీతో మాటల్లేవంట."

పాండురంగారావు కలానికి మూత పెట్టాడు.

"ఊరందర్నీ అడిగావుగా. ఆవిణ్ణీ అడుగు. అడిగితే చెప్పేట్టే ఉంది."

ఆయన పక్కకు చూశాడు. చాప ఖాళీ. ఒక్కచోట మాత్రం, మనిషి కూర్చున్నంత మేర, ఇసుకలోకి కాస్త కుంగి ఉంది. ప్రశ్న పెదవుల దాకా వచ్చింది. జవాబు కూడా వస్తుందేమోనని అప్పుడు తోచింది.

"మధ్యవర్తి తన సొంత తగాదాలో కూర్చోకూడదండి" అన్నాడు. "నియమం. వేరే మధ్యవర్తిని పంపమని తెనాలికి రాస్తాను."

"రాసుకో" అంది సుబ్బరత్నమ్మ చేటలో బియ్యం ఎత్తుకుంటూ. "ఆవిడకేం తొందర్లేదంట."

తెనాలిలో రేపల్లె బండి ఎక్కి, కిటికీ పక్క సీటు వదిలి ఇవతల కూర్చున్నాడు. "ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అండి?" అని అడిగాడొకాయన.

"ఉన్నారండి" అన్నాడు పాండురంగారావు. ఆ వచ్చినాయన ఖాళీ సీటును చూసి, మేస్టారిని చూసి, తర్వాతి పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

పడవ తగాదా పరిష్కారమైనట్టు ఫాతిమా మేడమ్ మర్నాడే సంతకం చేసి, ఆయన వేరే మధ్యవర్తిని అడిగిన రెండో తగాదా దేని గురించో రాసి పంపమంది. అది సరోజినిని అడిగి రాయాలి; ఆయన ఇంకా అడగలేదు.