మనిషి చెయ్యి తగలని బొమ్మ

ఆ పొద్దున ఆబ్రీ థర్టిల్ పెట్టుకున్న పని ఒక్కటే. ఇంగ్లండులోని నార్ఫోక్ చిత్తడి నేలలో, జమ్ముగడ్డి మధ్య కుళ్ళిపోతున్న పల్లెవాడు జేబెజ్ గెడ్జ్ పాత పడవను ఫొటో తీసి, సాయంత్రం రైలుకు లండన్ ప్రదర్శనకు పంపాలి. గడువు ఆ రోజుతో సరి. పైగా నోరు ఊరుకోక ఫొటోగ్రాఫర్ల సంఘంలో సవాలు చేసి వచ్చాడు. "కెమెరా ముందు గడ్డిపోచ సర్దినవాడు కళాకారుడే కాడు. నేను సర్దితే సంఘం వదిలేసి పోతాను!"

కెమెరా భుజాన వేసుకుని గట్టు దిగిన థర్టిల్ ఠక్కున ఆగిపోయాడు. జమ్ము లేదు. నున్నగా కోసేశారు. పడవ కొత్త పచ్చరంగుతో నిగనిగలాడుతోంది. పక్కనే గెడ్జ్ పెళ్ళినాటి కోటులో, అతని భార్య కెజయా చర్చి టోపీలో, స్నానం చేయించిన బాతులతో సహా బిగుసుకుని నిలబడ్డారు.

"ఏమిటయ్యా ఇది!" అని థర్టిల్ కేక పెట్టాడు.

ముస్తాబు చాలలేదు కాబోలు అనుకుని కెజయా పరుగున వెళ్ళి, రెండు పూలకుండీలు తెచ్చి పడవలో పెట్టింది.

"తీసెయ్యమ్మా! నాకు మురికే కావాలి!"

కెజయా మొహం జేవురించింది. "మా వాకిలి మురికిదని లండనంతా చాటుతారా దొరగారూ?"

"నిన్న వచ్చి ఫొటో తీస్తానన్నది మీరే కదండీ," అన్నాడు గెడ్జ్. "ఇద్దరం నడుములు పడిపోయేలా కోశాం."

అటు చూస్తే మబ్బులు కమ్ముకొస్తున్నాయి. థర్టిల్ సిద్ధాంతం గంగలో కలిసింది. కోటు విప్పేశాడు. కోసిన జమ్మును తెచ్చి ముగ్గురూ బురదలో గుచ్చారు.

"ఆ మూలన ఇంకో నాలుగు పాతు! పడవకు ఎడమవైపు ఇంకాస్త బురద కొట్టు!"

ఈ మాటలంటున్నది తానేనా అని థర్టిల్ నిర్ఘాంతపోయాడు. అయినా బురద కొట్టించాడు.

ఆ బొమ్మకే బంగారు పతకం వచ్చింది. మనసు పీకి, పతకం ఇచ్చే సభకు గెడ్జ్‌ను కూడా వెంటబెట్టుకు వెళ్ళాడు.

"ఇందులో ఒక్క పోచనైనా మనిషి చెయ్యి తాకిందంటే నేను నమ్మను!" అన్నాడు అధ్యక్షుడు.

గెడ్జ్‌కు రోషం వచ్చింది. చటుక్కున లేచాడు. "నమ్మరేమిటండీ? ఆ జమ్మంతా పాతింది నేనే! బురద కొట్టింది మా ఆవిడ!"

థర్టిల్ అతని కోటు పట్టి కిందికి లాగాడు. సభంతా పగలబడి నవ్వింది.

"చూశారా, పల్లె మనిషి పరిహాసం కూడా ఎంత సహజంగా ఉందో!" అని అధ్యక్షుడు ముందుగా చప్పట్లు కొట్టాడు.