బ్లాంకులో తవిటినాయుడు

మూడో నంబరు జీసీ మెషీన్‌లో ఏ బ్లాంకు వేసినా ఏడు నిమిషాల పన్నెండు సెకన్లకు తవిటినాయుడు వస్తున్నాడు.

ఆ మెషీన్ సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. అందులో మందు శాంపిలును ఆవిరి చేసి, వెంట్రుకంత సన్నటి ముప్పై మీటర్ల గొట్టంలోకి పంపుతారు. శాంపిల్లో ఉన్నవి ఒక్కొక్కటే తమ వంతుకు అవతల తేలి, కంప్యూటర్ గీత మీద గుట్టల్లా లేస్తాయి. ఆ గుట్టే పీక్. బ్లాంకు అంటే మందు కలపని ఉత్త ద్రావకం. దానికి గీత నిద్రపోయినట్టు పడుండాలి.

తవిటినాయుడు ఆ ల్యాబులోనే అనలిస్టు. మూడు నెలల కిందట హడావుడిలో గ్యాసు ఆపకుండా మెషీన్ మూత విప్పి, గొట్టంలోకి పోయాడు. బయటికి వెళ్లినట్టు పంచ్ లేదు కాబట్టి, అతను డ్యూటీలోనే ఉన్నాడని ఆఫీసు తేల్చింది.

చిక్కల్లా అతని స్థానంలో వచ్చిన హైమావతికి. శుక్రవారంతో ఆమె ప్రొబేషన్ పూర్తవుతుంది. గురువారం ఆడిటర్లు వస్తారు. అప్పటికి బ్లాంకు శుభ్రంగా రాకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదని సెక్షన్ ఇన్‌ఛార్జి భుజంగరావుగారు ముందే చెప్పేశారు.

ఆమె గోడ మీది మరమ్మతు చార్టు ప్రకారం నడిచింది. సూది గుచ్చే రబ్బరు బిళ్ల మార్చింది. వచ్చాడు. లోపలి గాజు గొట్టం మార్చింది. తోక ఈడ్చుకుంటూ వచ్చాడు. సన్న గొట్టం మొదట్లో అర మీటరు కోసేసింది. ఏడు సెకన్లు ముందే వచ్చాడు.

"దారి తగ్గించినావేటే గుంటా. సుకంగుంది," అన్నాడు. పీక్ లేచి దిగే ఎనిమిది సెకన్లే అతనికి మాట్లాడే వ్యవధి.

"ఇంక మిగిలింది ఒకటే నాయుడుగారూ. గొట్టాన్ని మూడొందల ఇరవై డిగ్రీల్లో బేక్ చెయ్యడం."

అతను తరువాతి బ్లాంకులో అడిగాడు. "సేస్తే నానేటవుతాను?"

"చార్టులో రాయలేదండి."

ఆ తరువాతి బ్లాంకులో అన్నాడు. "నీ పర్మనెంటు లెటరు పోకూడదు గదా. సేసీ. ఒక్కపాలే పెంచీకు. మెల్లగా, నిమిసానికి పది డిగ్రీలు."

హైమావతికి చెయ్యి రాలేదు. వెళ్లి భుజంగరావుగారికి చెప్పింది. ఆయన తప్పుకు కారణం రాసే ఫారం తీశారు.

"లోపలున్నది మనిషేనా?"

"మనిషేనండి."

"అయితే మానవ తప్పిదం. ఫారంలో వేరే గడి కూడా లేదు. బేకింగ్ దేనికమ్మా, అతనికి ట్రైనింగ్ ఇచ్చీ."

ఆ కంపెనీలో ఏం చెడినా ఇదే వైద్యం. ఏసీ చెడితే కింద కూర్చున్నవాళ్లకీ, ఎలుక వైరు కొరికితే చూసినవాళ్లకీ ట్రైనింగ్ ఇచ్చి, సంతకం పెట్టించి, కేసు మూసేస్తారు.

హైమావతి రెండు రోజుల్లో నలభై ఒక్క బ్లాంకులు వేసి, ఎనిమిదేసి సెకన్ల చొప్పున నియమాల పుస్తకం మొత్తం చదివి వినిపించింది. ముప్పై ఏడోదాంట్లో తవిటినాయుడు ఆశ్చర్యపోయాడు.

"బ్లాంకులో ఏటీ అవుపడకూడదా? ఇన్నాళ్లూ ఎవులూ సెప్పనేదే."

నలభై ఒకటోదాంట్లో సంతకం పెట్టాడు. అది గీతలోనే, వంకర్లు తిరిగి, చివరి కొమ్ముతో సహా పడింది.

గురువారం ఆడిటర్ల ముందు బ్లాంకు వేశారు. ఏడు నిమిషాల ఐదు సెకన్లకు ఏమీ లేవలేదు. పెద్ద ఆడిటరు తల ఊపాడు. హైమావతి మాత్రం తెర మీదికి వంగి చూసింది. ఊపిరి బిగబట్టినవాడి పొట్టలా, గీత అక్కడ రవ్వంత లోపలికి పోయింది.

అందరూ వెళ్లాక మరో ఐదు బ్లాంకులు వేసి, "నాయుడుగారూ" అని పిలిచింది. పలకలేదు. ట్రైనింగ్ అంత బాగా ఎక్కింది.

శుక్రవారం ఆమెకు లెటరు వచ్చింది. దానికి ఒక కాగితం జతచేశారు. "లోపల ఉండియు గీతపై కనబడకుండుట" అనే ఈ శిక్షణ ఫలితం చూసి, పర్మనెంటు సిబ్బంది అందరికీ తప్పనిసరి చేశారట. పరీక్ష కూడా ఉంది. మీటింగ్ గదిలో అరగంట కూర్చోవాలి.

హైమావతి వెళ్లి, తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుంది. అరగంటకు భుజంగరావుగారు తలుపు తీసి, గదంతా కలయజూసి, "ఎవరూ లేరే" అనుకుంటూ లైటు ఆర్పి వెళ్లిపోయారు.

ఆమె మొదటిసారికే పాసైంది.