కారును నడపకుండా ఆనందించే విధానం

కైరో నగర ప్రాచీన వాహన ప్రియుల సంఘం, కారు నడపడంలోని పరమానందం దాన్ని నడపకపోవడంలోనే ఉన్నదని తన వార్షిక సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని ప్రతిపాదించినవారు అధ్యక్షులు, విశ్రాంత న్యాయమూర్తి వజ్దీ బే. స్టీరింగు మీద పట్టు జారకుండా వేసుకునే తోలు చేతితొడుగులు ధరించి ఆయన వేదిక ఎక్కారు. సభకు టాక్సీలో వచ్చారు.

"మిత్రులారా, చక్రం తిరిగితే ఆనందం పెరుగుతుంది, విలువ తరుగుతుంది. చక్రం ఆగితే విలువ పెరుగుతుంది. విలువ పెరిగిందన్న ఆనందమూ పెరుగుతుంది. కాబట్టి ఆగిన చక్రం రెండు విధాలా ఆనందదాయకం."

ఇదే తర్కంతో ఆయన తన ఉద్యోగకాలమంతా తీర్పులు ఇచ్చినవారు గనుక ఎవరికీ సందేహం కలగలేదు.

సంఘం ఏటా పిరమిడ్ల దాకా ఊరేగింపు జరుపుతుంది. కార్లన్నీ లారీల మీద వస్తాయి. గేటుకు కాస్త ఇవతల వాటిని దించి, కూలీలు వెనకనుంచి నెడుతుంటే, సభ్యులు గంభీరంగా స్టీరింగు పట్టుకుని కూర్చుంటారు. ఇంజను శబ్దాన్ని లౌడ్‌స్పీకరులో వినిపిస్తారు. చివర ఉత్తమ చోదకుడికి బహుమతి ఇస్తారు. ఆ ఏడాది బహుమతి షవ్కత్ బేకు దక్కింది. ఆయన కారు మీటరులో అంకె కదిలి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. వెనక వరసలో కూర్చున్న ఆయన భార్య సఫీనాజ్‌కు గుర్తుంది. ఆమెను ఎవరూ అడగలేదు.

కారు నిజానికి ఆమెది. అలెగ్జాండ్రియాలో పత్తి వ్యాపారం చేసిన ఆమె తండ్రి, లేత ఆకుపచ్చ రంగు కారును ఇటలీ నుంచి తెప్పించి, సముద్రపు ఒడ్డు రోడ్డు మీద కూతుళ్ళిద్దరికీ డ్రైవింగు నేర్పాడు. ఆయన పోయాక ఇల్లు అక్క ఇంజీకి, కారు సఫీనాజ్‌కు వచ్చాయి. కారు వచ్చిన రోజే షవ్కత్ బే న్యాయంగా పంపకం చేశాడు. యాజమాన్యం భార్యకు, నిర్వహణ తనకు. నిర్వహణ అంటే తాళం.

భార్య సంతోషాన్ని ఆయన విస్మరించాడని అనుకోకూడదు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక దంపతులు హెలియోపొలిస్‌లోని తమ గ్యారేజీలో, ఇంజను ముట్టించకుండా, అలెగ్జాండ్రియాకు ప్రయాణం చేసేవారు. చెప్పులు బయట విడిచేవారు. షవ్కత్ బే స్టీరింగును అటొక వేలు ఇటొక వేలు కదిలిస్తూ దారిలోని ఊళ్ళ పేర్లు చెప్పేవాడు. తాంతా దగ్గర మాత్రం ఆగేవారు. తోలు సీటు మీద నూనె పడకూడదు గనుక, సఫీనాజ్ కారు దిగి, బట్టలుతికే యంత్రం పక్కన నిలబడి, ఫితీర్ రొట్టె, ఉడికిన గుడ్డు తినేది. ఇంతటి ఓపిక గల భర్త దొరకడం అదృష్టమని సంఘం మహిళలు చెప్పుకునేవారు.

ఈ సుఖం ఇలా సాగుతుండగా, ఇంజీ కళ్ళు చెడిపోవడం మొదలైంది. తుంటి ఎముక విరిగిన మనిషి, కైరో దాకా రాలేదు.

"ఈ చలికాలం దాటితే చూపు ఉండదని డాక్టరు చెప్పేశాడండీ," అన్నది సఫీనాజ్. "ఈలోగా ఒక్కసారి నాన్న కారులో కూచుని సముద్రం చూడాలంటోంది అక్క."

"కారు ఫోటో పంపిద్దాం. పెద్ద సైజులో, ఫ్రేము కట్టించి."

"ఫోటో ఎక్కి తిరగలేదుగా."

"సఫీ, కాస్త బుర్రపెట్టి ఆలోచించు. మీ అక్క కళ్ళు మనం వెళ్ళినా పోతాయి, వెళ్ళకపోయినా పోతాయి. కారు విలువ మనం వెళితేనే పోతుంది."

సంఘం పరిభాషలో దీనిని సమతుల్య దృష్టి అంటారు.

ఆ నెలలోనే గల్ఫ్ నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. కారును భూతద్దంతో పరీక్షించి, ఫ్యాక్టరీలో వేసిన రంగు గీత పడకుండా ఉన్నదని ధ్రువీకరించి, ఒక వెల చెప్పాడు. షవ్కత్ బే ఆ వెలను రహస్యంగా ఉంచదలచి, వీధిలో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు. అది విన్న ఆయన అక్క హజ్జా తఫీదా, దిష్టి తగలడం ఖాయమని, మర్నాడే గొర్రెను, కసాయివాణ్ణి వెంటబెట్టుకుని దిగింది.

"ఏరా అబ్బాయ్, ఇంత వెల పలికాక జనం కళ్ళు ఊరుకుంటాయిట్రా? నీ మొదటి స్కూటరుకి కూడా నేనే కోయించాను, మర్చిపోయావా?"

"మంచిదే అక్కయ్యా, కానివ్వు. మాంసం పంచడానికి పళ్ళేలు తెస్తానుండు."

ఆయన పళ్ళేలు తెచ్చేలోపు, హజ్జా తఫీదా, నగరంలో కొత్త టాక్సీ కొన్న ప్రతివాడూ చేసే పనే చేసింది. గొర్రె నెత్తుటిలో అరచెయ్యి ముంచి, అయిదు వేళ్ళూ విడివిడిగా కనబడేట్టు, కారు ముందు మూత మీద గట్టిగా చరిచింది.

నిపుణుడు మళ్ళీ భూతద్దం తీశాడు. కడిగితే రంగు లేస్తుందనీ, ఉంచితే మరకేననీ, ఏ విధంగా చూసినా కారు మరణించిందనీ తేల్చాడు. షవ్కత్ బే నల్ల టై కట్టుకున్నాడు. పరామర్శకు వచ్చినవారికి, చావింట ఇచ్చినట్టే, చక్కెర లేని కాఫీ ఇచ్చారు. వజ్దీ బే రెండు కప్పులు తాగి, పోయినవారి గుణగణాలను కీర్తించారు. అందరూ వెళ్ళాక షవ్కత్ బే భార్య చేతిలో తాళం పెట్టాడు.

"తీసుకో. ఇక అది ఒట్టి కారు మాత్రమే."

సఫీనాజ్ మెకానిక్కును పిలిపించింది. బ్యాటరీ, నూనె, టైర్లు మార్పించింది. తెల్లవారుతుండగా, చెప్పులు విప్పకుండానే కారెక్కి, వీధి దాటింది.

ఆ పూటే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. వజ్దీ బే లేచారు.

"మిత్రులారా, దీన్ని మరక అనడం మనల్ని మనం అవమానించుకోవడం. ఇది మన నాగరికత చేసిన సంతకం. ఐరోపాలో ఇలాంటి చెయ్యి పడిన కారు ఒక్కటి చూపించమనండి."

చూపించగలవారెవరూ లేరు. నిపుణుడు గల్ఫ్‌కు ఫోను చేసి, విచారించి, సంతకం ఉన్న కారుకు ఇదివరకటి వెలకు రెండింతలు ఇస్తామంటున్నారని ప్రకటించాడు. కారు కదలకూడదు, నీరు తగలకూడదు. అంతే షరతు. సభ్యులంతా హజ్జా తఫీదా ఇంటికి పరుగెత్తారు. మధ్యాహ్నానికి ఆ పేటలో గొర్రెల ధర పెరిగింది. సాయంత్రానికి ఆమె ముందుగా చెప్పి రానివారిని గుమ్మం ఎక్కనివ్వలేదు. షవ్కత్ బే మాత్రం ఇంటికి పరుగెత్తాడు. గ్యారేజీలో బట్టలుతికే యంత్రం ఒక్కటే ఉంది.

అప్పటికి అలెగ్జాండ్రియాలో ఇంజీ, పక్కింటివారి సాయంతో మెట్లు దిగి, కారు చుట్టూ చేత్తో తడుముతూ ముందుకు వచ్చింది. ముఖం బాగా దగ్గరగా పెట్టి చూసింది.

"ఏమే, ఇదేమిటీ ముద్ర?"

"మా ఆడపడుచు చెయ్యి."

"దీని మీద కూడానా? మీ ఇంట్లో ఆవిడ చెయ్యి పడని వస్తువే లేదుటే?"

ఇద్దరూ పైకప్పు దించి ఒడ్డు రోడ్డు ఎక్కారు. చలికాలపు సముద్రం గోడ దాటి రోడ్డు మీదికి ఎగసిపడుతోంది. ఫోను మోగింది.

"సఫీ, ఎక్కడున్నావ్? కారుకి నీళ్ళు తగలనివ్వకు. విలువ రెట్టింపయింది."

"అక్క సముద్రం చూస్తోందండీ."

"చూసిందిగా, ఇక చాలు. తిన్నగా... కాదు, తిన్నగా రాకు. రివర్సులో వచ్చెయ్."

"ఏమిటీ?"

"పాత మీటరే, వెనక్కొస్తే అంకె వెనక్కి తిరుగుతుంది. వజ్దీ బే కూడా సబబే అన్నారు. రోడ్డుకి కుడి అంచున నెమ్మదిగా రా. తాంతాలో ఆగి మెడ కాస్త తిప్పుకో."

"కైరో దాకా వెనక్కి నడపమంటున్నాడే," అన్నది సఫీనాజ్ అక్కతో.

"నడపనివ్వని మనిషి నడపమన్నాడంటే మెరుగేలే," అన్నది ఇంజీ. "ముందు ఇంకొంచెం గోడ పక్కగా పోనీ. నాకు సరిగ్గా కనబడట్లేదు."

సఫీనాజ్ గోడ పక్కగా పోనిచ్చింది. పెద్ద అల ఒకటి గోడ దాటి వచ్చి, కారు మీద, అక్కచెల్లెళ్ళ మీద, నాగరికత సంతకం మీద నిండుగా పడింది.

మర్నాడు పత్రికలో మరణవార్తల పేజీలో సంఘం సంతాపం వెలువడింది. షవ్కత్ బేకు భగవంతుడు ఓర్పు ప్రసాదించాలని అందులో కోరారు. సఫీనాజ్ ఇంకా తిరిగి రాలేదన్న సంగతి, స్థలాభావం వల్ల కాబోలు, ప్రచురించలేదు.

ఈ ఉదంతం విన్న విద్యావంతులందరూ, టీ గ్లాసు కింద పెట్టకముందే, ఉప్పునీరు పడిన ఆ కారు ఇప్పుడు ఎంతకు వస్తుందని అడిగారు. పాఠకులు మర్యాదస్థులు గనుక ఆ ప్రశ్నను ఇంకా పెదవుల వెనకే ఆపుకుని ఉన్నారు. ఇంజీకి సముద్రం ఎంతమేరకు కనబడిందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.