ఉలవల మీద ర్యాలీ

ఆదివారం పొద్దున వీరేష్ అనుకున్న పని చాలా చిన్నది. నాయనకు ఒక అబద్ధం చెప్పి, జీపు బయటికి తీసి, సాయంత్రానికి మళ్లీ అదే చోట పెట్టేయాలి.

"బండికి ఎఫ్‌సీ టైమైపోయింది నాయనా, ఫిట్‌నెస్ కాయితం తెచ్చుకోవల్ల. కదిరికి పోయి బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించుకోనొస్తా" అన్నాడు.

తిమ్మన్న ఉలవ మోపు నెత్తికెత్తుకుంటూ కొడుకును ఒకసారి, జీపును రెండుసార్లు చూశాడు. "పో. గీత పడిందంటే మాత్రం ఎర్రప్పకు అమ్మేస్తా. ఆయప్ప అడగతానే ఉండాడు" అని మోపుతో వీధి మలుపు తిరిగాడు.

తిమ్మన్న ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు. పోయినేడు వీరేష్ చేతులొదిలి మోటారు సైకిలు తోలాడని విని, అదే సాయంత్రం దాన్ని అమ్మేశాడు. ఇప్పుడు మిగిలింది ఈ జీపు ఒక్కటే. టమాటా గంపలు మార్కెట్టుకు చేరాలన్నా, ఊళ్లో వీరేష్‌ను డ్రైవరని పిలవాలన్నా అదే దిక్కు.

నెల కిందట ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. కొత్తవాళ్లకు కార్ల ర్యాలీ, కదిరి నుంచి గోరంట్ల దాకా. లైసెన్సు, సీటు బెల్టు, పక్కన దారి చెప్పే మనిషి ఉంటే చాలు. ఆ రోజు నుంచి వీరేష్ ఎండిపోయిన ఏట్లో ఇసుక లేచిపోయేలా జీపు తోలి సాధన చేశాడు. వారం తిరక్కుండానే ఆ చుట్టుపక్కల మేకలన్నీ ఇంజను మోత వింటే గట్టెక్కడం నేర్చుకున్నాయి. దారి చెప్పడానికి ఒప్పుకున్న మారుతి ఒక్కరోజు పక్కన కూర్చుని, తనకింకా పెళ్లి కావాల్సి ఉందని చెప్పి దిగిపోయాడు. దాంతో వీరేష్ భార్య హేమలతకు తప్పలేదు. ఆమె ఉపాధి పనుల్లో మేటు. ఎవరు ఎన్ని గంటలకు పారపట్టారో, ఎన్ని గంటలకు దించారో నిమిషంతో సహా రాసే మనిషి.

ఊరు దాటాక జీపెక్కుతూ ఆమె ఒకటే అడిగింది. "మామకు చెప్పినావా?"

"చెప్పినా" అన్నాడు వీరేష్. ఏం చెప్పాడన్నది ఆమె అడగలేదు.

కదిరిలో తలుపుకు ఇరవై మూడు నంబరు అతికించారు. నలభై కార్లు. నిర్వాహకుడు నాగేశ్వర మైకు పట్టుకుని నియమాలు చదువుతుంటే వీరేష్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఇందులో ముందు వచ్చినవాడు గెలవడు. గంటకు ముప్పై ఆరు కిలోమీటర్ల లెక్కన, ఇచ్చిన నిమిషానికే చేరాలి. దారిలో ఎక్కడెక్కడో చెప్పకుండా కూర్చున్న మనుషులు టైము రాసుకుంటారు. ఒక నిమిషం ఆలస్యమైతే ఒక మార్కు కోత, ఒక నిమిషం ముందొస్తే రెండు.

"నెలంతా ఇసకలో ఎగిరింది దీనికా?" అంది హేమలత.

అది మొదటి దెబ్బ. కవరు చించి దారి పటం చూడగానే రెండోది తగిలింది. తనకల్లు దాటాక ర్యాలీ నేరుగా తమ ఊరి నడిబొడ్డులో నుంచి పోతుంది. వీరేష్ పటాన్ని మడిచి మళ్లీ కవర్లో పెట్టేయబోయాడు.

"మామకు ఏం చెప్పినావు?" అంది హేమలత, ఈసారి మెల్లగా.

"ఎఫ్‌సీకి పోతాండానని."

ఆమె చేతి గడియారాన్ని ఒకసారి సరిచేసుకుంది. తిట్టి ఉంటే వీరేష్‌కు ఇంత భయం వేసేది కాదు.

అతను బానెట్టు మీద ర్యాలీ బ్యానరు కట్టాడు. నంబరు ప్లేటుకు బురద పూశాడు. పాత హెల్మెట్టు తలకెక్కించాడు. భార్యను కొంగు ముఖానికి చుట్టుకోమన్నాడు. తెలిసినవాళ్లు తేరిపార చూసేలోగా ఊరు దాటేయాలని తొక్కుడు మొదలుపెట్టాడు. ముందు బయల్దేరిన తొమ్మిది కార్లను దాటేశాడు. వాటిలోవాళ్లు ఇతన్ని చూసి జాలిగా చేతులూపారు.

"తొమ్మిది నిమిషాలు ముందుండాం. పద్దెనిమిది మార్కులు పోయినట్టే" అని హేమలత రాసుకుంది.

"మార్కులు పోనీ. జీపు మిగలనీ" అన్నాడు వీరేష్.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ముందు రోజు అతను టమాటాలతో మార్కెట్టుకు, హేమలత ఉపాధి పనికి పోయినప్పుడు ఆటోలో మైకు కట్టుకుని ఎవరో ఊళ్లోకి వచ్చారు. రేపు ఈ రోడ్డున నలభై కార్లు పోతాయి, మేకల్నీ పిల్లల్నీ రానివ్వకండి అని చాటి పోయారు. ఆ సీమలో ఉలవలు నూర్చాలంటే తారు రోడ్డు మీద పరిచి, వచ్చే పోయే బండ్ల చక్రాల కింద తొక్కించుకోవడం అలవాటు. ఆ రోడ్డున పొద్దంతా చూస్తే రెండు బస్సులు, మూడు ఆటోలు పోతాయి. అలాంటిది ఒక్కపూటలో నలభై కార్లు. ఊరు ఊరంతా పొద్దున్నే మోపులు మోసి, వీరేష్ బయల్దేరి పోయాక మోకాలెత్తున రోడ్డు నిండా పరిచేసింది.

మలుపు తిరిగిన వీరేష్ బ్రేకు మీద నిలబడ్డాడు. ఎదురుగా రోడ్డు లేదు, ఉలవ కళ్లం ఉంది. దాని అవతల నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చిన పెద్దమనుషులు వాటి కింద దూరి, ఇరుసులకు చుట్టుకున్న ఎండు ఉలవ తీగల కట్టెను పీకుతున్నారు. కళ్లం మధ్యలో కర్ర పట్టుకుని నిలబడినవాడు తిమ్మన్న.

ఆయన చెయ్యెత్తాడు. వీరేష్ ఆపాడు.

"ఏమప్పా డ్రైవరూ, ఈ మూల సరింగా నలగలేదు. రివర్సు రా."

గొంతు విప్పితే దొరికిపోతాడు. వీరేష్ హెల్మెట్టు ఆడించి రివర్సు వేశాడు. తిమ్మన్న వెనక్కి పోయి "రానీ... రానీ... ఇంకా రానీ..." అంటూ చెయ్యి ఊపాడు. ధడేల్‌మంది. జీపు వెనక బంపరు కిలోమీటరు రాయికి తగిలి వంగింది. హేమలత కొంగులో కళ్లు మూసుకుంది.

"ఏం గాలే. ముందుకు పో" అన్నాడు తిమ్మన్న. పోయాక మళ్లీ వెనక్కి రమ్మన్నాడు. "ఇంగో సుట్టు. ఆ పక్క కదిరమ్మ పెద్దమ్మ ఉలవలు గూడా తొక్కు."

ఒకటి, రెండు, మూడు సుట్లు. వెనక నుంచి వచ్చిన కార్లు వరుసగా ఆగి హారన్లు మోగించాయి. కదిరమ్మ పెద్దమ్మ చేట ఊపుతూ వాళ్లను గదమాయించింది. నాలుగు, అయిదు సుట్లు. అప్పుడు తిమ్మన్న కర్రతో దారి చూపించాడు. "ఇంగ పో నాయనా. చల్లగా ఉండు."

వీరేష్ చెమటలో మునిగి కదిలాడు. ఊరు దాటిన మొదటి మలుపులో గొడుగు కింద ఒకాయన చెయ్యి చాపాడు. టైము రాసే మొదటి చోటు అది. హేమలత కార్డు ఇచ్చి, ఆయన రాసింది చూసి, తన గడియారం చూసింది. మళ్లీ కార్డు చూసింది.

"ఏమైంది?" అన్నాడు వీరేష్.

"సున్నా. ఒక్క నిమిషం గూడా తేడా లేదు."

తొమ్మిది నిమిషాలనూ ఉలవలు మింగేశాయి. ఇక తొందర పడాల్సిన ఊరు ముందు లేదు గనుక, మిగిలిన దారంతా హేమలత చెప్పిన వేగం దాటకుండా తోలాడు. ముందు పోయిన కార్లు ఇరుసుల్లో ఉలవ కట్టె పీక్కుంటూ, వెనక కార్లు కళ్లం దగ్గర ఆగి ఆలస్యమయ్యాయి. గోరంట్లలో నాగేశ్వర రెండుసార్లు లెక్క చూసుకుని, కొత్తవాళ్లలో మొదటి కప్పు ఇరవై మూడో నంబరుకు ఇచ్చాడు. ఇంత కచ్చితంగా ఎట్లా తోలారని మైకు ముందు పెడితే, వీరేష్ హెల్మెట్టు తీయకుండానే దండం పెట్టాడు.

సాయంత్రం జీపు ఇంటి ముందు ఆగింది. కప్పు సీటు కింద ఉంది. తిమ్మన్న అరుగు మీద కూర్చుని ఉలవల్లో రాళ్లు ఏరుతున్నాడు.

"ఎఫ్‌సీ అయిపోయిందారా?"

"అయిపోయింది నాయనా. బంపరు మాత్రం... ఆఫీసు గోడకు తగిలింది."

"గోడ గాదు, కిలోమీటరు రాయి. రానీ రానీ అన్నది నేనే గదా." తిమ్మన్న తల ఎత్తలేదు. "ఆదివారం నాడు ఎఫ్‌సీ ఆఫీసు ఎవురు తీస్తార్రా? ఆ తలుపు మీద నంబరన్నా పీక్కోకపోయినావే."

వీరేష్ జీపు వైపు తిరిగి చూశాడు, ఇరవై మూడు ఇంకా తలుపు మీదే ఉంది. హేమలత ఇంటి తలుపు పట్టుకుని లోపలికి ఒక అడుగు వేసి అక్కడే ఆగింది.

"మరి తెలిసీ నన్నొక్కన్నే ఎందుకు అయిదు సుట్లు తిప్పినావు నాయనా?"

"పరాయోళ్ల కార్లతో పని చేయించుకుంటే బాగుంటాదా?" అన్నాడు తిమ్మన్న.

మర్నాడు ఎర్రప్ప జీపు చూడడానికి వచ్చాడు. వంగిన బంపరును తడిమి, ధర తగ్గించి చెప్పాడు. నూర్చే బండి అమ్మేది లేదని తిమ్మన్న అతన్ని పంపేశాడు.

ఆ పై ఆదివారం వీరేష్ నిద్ర లేచేసరికి రోడ్డు మీద నూర్చాల్సిన కంది కట్టె పరిచి ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి ఎప్పుడు పోతావని ఈసారి తిమ్మన్నే అడిగాడు.