కుర్చీలు లేని చర్చలు

ఆ ఉదయం ఊరంతా మంచులో తేలుతోంది. ఆర్థికశాఖ ఉపకార్యదర్శి బూట్ల లేసు కట్టుకుంటూనే కలగంటున్నాడు. కేంద్రం ప్రతినిధి వస్తాడు, రాష్ట్రం గోడు వింటాడు, పన్నుల వాటా ఒప్పందం తిరగరాయడానికి తలూపుతాడు.

"వాటా పెరిగితేనే మా ఆస్పత్రికి జీతాలట," అంది నర్సుగా పనిచేసే భార్య. "ఉత్త చేతులతో వచ్చారో, వంట మీదే!"

"ఈ దెబ్బతో కేంద్రం దిగిరావాల్సిందే, చూడు!"

ఉపాయం మంత్రిగారిది. "లెక్కలు చెప్పీ చెప్పీ నోరు పడిపోయిందయ్యా. ఈసారి మన లేమి వాళ్ల కళ్లకు కట్టాలి. హాల్లో మంచి కుర్చీలు తీయించెయ్," అన్నారు ఆయన నిన్ననే.

ఉపకార్యదర్శి తీయించాడు. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి, నిద్రలో నడుస్తున్నట్టు, మంచులోంచి గేటు దాటాయి. ఎదురుగా టీకొట్టు దగ్గరున్న కాంట్రాక్టర్లు అది చూసి, ప్రభుత్వం దివాలా తీసిందనుకున్నారు. పరుగున వచ్చి, తమ బిల్లుల కింద చేతికందింది పట్టుకుపోసాగారు. బల్లలు పోయాయి. కర్టెన్లు పోయాయి. ఫ్యాన్లు పక్షుల్లా ఎగిరిపోయాయి.

"ఆగండి బాబూ! ఇది ఉత్తుత్తి పేదరికం!" అని ఉపకార్యదర్శి మొత్తుకున్నాడు.

"మాకు ఏళ్ల తరబడి ఇలాంటి కబుర్లే చెప్తున్నారు సార్. కాస్త ఆ అంచు పట్టుకోండి," అన్నాడు బీరువా మోస్తున్న రోడ్ల కాంట్రాక్టర్. ఉపకార్యదర్శి పట్టుకున్నాడు కూడా.

మంత్రిగారు వచ్చి, బోసిపోయిన హాలు చూసి పొంగిపోయారు. "శభాష్! గోరంత అడిగితే కొండంత చేశావయ్యా!"

ప్రతినిధి వచ్చి నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కిటికీల్లోంచి వెలుగు పాలలా పారుతోంది. మంత్రిగారు గోడు వెళ్లబోసుకుంటుంటే ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. చెంప మీద కన్నీటి చుక్క జారింది. ఉపకార్యదర్శి గుండె గాలిలో తేలింది. భార్య జీతం వచ్చేసినట్టే!

"ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అన్నాడు ప్రతినిధి కళ్లు తుడుచుకుంటూ. "మా ఆఫీసులో ఇలాంటి నిశ్శబ్దం ఎరగను. బల్లా కుర్చీ లేకుండా ఇంత రాష్ట్రాన్ని నడుపుతుంటే, మీకు ఇంకా వాటాతో పనేముంది? ఒప్పందం తప్పకుండా తిరగరాద్దాం. అన్ని రాష్ట్రాలకీ వాటా సగం చేద్దాం. మీరే అందరికీ ఆదర్శం!"

"మా ఆస్పత్రుల జీతాలు..." అన్నాడు ఉపకార్యదర్శి. ఖాళీ హాలు "జీతాలు, జీతాలు" అని మెల్లగా బదులు పలికి ఊరుకుంది.

సాయంత్రానికి కబురు రాజధానులన్నిటికీ పాకింది. రాష్ట్రాలన్నీ ఒక్కతాటి మీదకు రావడం అదే మొదటిసారి: ముందు ఆ ఉపకార్యదర్శి ఎవడో తేల్చాలని.